గోడ దాకా వెళ్లని చీటీలు

పలాస స్టేషన్లో రైలు దిగి బయటికి రాగానే మొదట కనిపించింది నా మొహమే. ఆటోల దగ్గర రెండు సరుగుడు కర్రలకు కట్టిన ఫ్లెక్సీలో, వెనకాల బంగారు గుమ్మటం ఒకటి మెరుస్తుంటే, మా సంఘం పాస్టరు అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ, నేనూ పళ్లికిలించి నిలబడి ఉన్నాం. కింద ఎర్రటి అక్షరాలు: ‘యెరూషలేము పరిశుద్ధ యాత్ర జయప్రదముగా ముగించుకొని వచ్చిన మా ప్రియులకు సుస్వాగతం’. నా ఒళ్లు మండిపోయింది. ఆ గుమ్మటాన్ని మేం చూసింది లేదు. యెరూషలేములో మా కాలు పడిందీ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మేం బయల్దేరిన మర్నాడే కాశీబుగ్గలో ఫ్లెక్సీ కొట్టించేశారట.

జరిగింది ఇది. శ్రీకాకుళం జిల్లా సంఘాల నుంచి పద్నాలుగు మందిమి కలిసి వెళ్లాం. మా ఊరి నుంచి ముగ్గురమే. జోర్దానులో విమానం దిగి, నెబో కొండెక్కి, అక్కణ్ణుంచి బస్సులో సరిహద్దు దాటి యెరూషలేము వెళ్లాలి. మేం సరిహద్దుకు చేరేసరికి అవతల ఏవో గొడవలని దారి మూసేశారు. బస్సులో ఆరు గంటలు కూర్చున్నాం. తినడానికి తెచ్చుకున్న మురీలు అయిపోయాయి, పాడుకోవడానికి కీర్తనలు కూడా అయిపోయాయి. సాయంత్రం బస్సు వెనక్కి తిరిగింది. మిగతా రోజులన్నీ జోర్దానులోనూ, ఐగుప్తు అనే ఈజిప్టులోనూ తిప్పి, ఒంటెలెక్కించి, మమ్మల్ని హైదరాబాదు విమానం ఎక్కించేశారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. దారి మూస్తే ఎవరేం చేస్తారు? మోషే అంతటివాడే నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశమైన కనానును చూసి అక్కడే ఆగిపోయాడు, మనమెంత? ఆ మాట మా జనానికి చెప్తే ఎంత బాగా అర్థమయ్యేదో! కానీ చెప్పనిస్తేనా.

రైలు కోటబొమ్మాళి దాటాక అయ్యగారు వచ్చి నా ఎదురు సీట్లో కూర్చున్నారు. తోటివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ దిగిపోయారు. ఆయన కాసేపు కిటికీలోంచి కొబ్బరితోటలు చూసి, గొంతు తగ్గించి అన్నారు.

“టీచరమ్మగారూ, యెరూషలేము గోడ దగ్గరికి ఎల్లలేదన్న మాట ఇప్పుడే సెప్పకండి. మనూళ్లో ఇదే మొదటి యాత్ర. ఎంత ప్రార్థన చేసి పంపినారు! విశ్వాసం కూలిపోద్ది. నాను ఈలు సూసి నిదానంగా సెప్తాను.”

“మీరు గ్రూపులో వాయిస్ పెట్టేశారట కదండీ, చీటీలన్నీ పరిశుద్ధ స్థలంలో ఉంచామని?”

“నెబో కొండ మీద సీటీల డబ్బా ఎత్తి పట్టుకుని ప్రార్థన చేసినాం కదమ్మా. అది పరిశుద్ధ స్థలం కాదేటి?”

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. అలాంటిదాన్ని పట్టుకుని నోరు కుట్టేసుకోమన్నారు. ఈలోగా మా ఊరికి దగ్గరి పూండి స్టేషన్ కిటికీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ రైలు అక్కడ ఆగదు. ఇల్లు కళ్లముందే దాటిపోతుంటే పలాస దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. అదొక మంట.

చీటీల సంగతి చెప్పాలి. మా సంఘంలో ఎవరు దూరప్రయాణం కట్టినా ప్రార్థన చీటీలిచ్చి పంపడం అలవాటు. వైజాగులో పెద్ద కూడికలున్నా ఇస్తారు, ఆస్పత్రికి వెళ్తున్నా అక్కడి ప్రార్థన గదికని ఇస్తారు. మరి యెరూషలేమంటే ఊరుకుంటారా? అక్కడి పాత రాతిగోడ సందుల్లో చీటీలు దూరుస్తారని టీవీలో చూసినవాళ్లే అందరూ. బయల్దేరే ముందు ఆదివారం చర్చి గుమ్మంలో పట్టుకున్నారు. ఎవరి చీటీ ఎవరిదో తెలియాలని కొందరు దారాలు కూడా కట్టారు. నేను వాటిని ఒక మూత డబ్బాలో వేసుకున్నాను. ఒక్కటీ విప్పి చదవలేదు. దేవుడికి రాసిన ఉత్తరం మనం చదవకూడదు కదా.

అందులో మా వదిన చీటీ ఒకటి.

వదినంటే మా పెద్దన్నయ్య భార్య. మా ఆయన పోయాక నేను అన్నయ్య ఇంటి పక్కనే రెండు గదులేసుకుని, మా మండలంలోనే బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. అన్నయ్య పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తాడు, వదిన ఇంటి దగ్గర పప్పు మీద పొర ఒలుస్తుంది. రెండేళ్లుగా ఆవిడకు కిడ్నీ జబ్బు. మా వైపు ఇది ఇంటింటా ఉన్న జబ్బే, ఈ మాట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని మాత్రం అడుగుతారు. ఇక డయాలసిస్ తప్పదు, దానికి ముందే సూది గుచ్చడానికి వీలుగా చేతి నరాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయించుకుని ఉంచుకోవాలి, లేకపోతే ఏదో ఒకరోజు ఊపిరాడక వచ్చి మెడలో గొట్టం వేయించుకోవాల్సొస్తుందని డాక్టరు విడమర్చి చెప్పాడు. శ్రీకాకుళంలో రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ వదిన ఎగ్గొట్టింది. మొదటిసారి జీడి సీజనంది. రెండోసారి, “చెయ్యి కోసేత్తే ఆ చేత్తో బరువెత్తకూడదంట. మరి నాను పనెలా సేసుకోను?” అంది. మూడోసారి ఇచ్చిన తేదీ, నేను యాత్ర నుంచి వచ్చిన తర్వాతి సోమవారం.

చీటీ ఇచ్చేటప్పుడు నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూసింది. “నీ సేత్తోనే ఎట్టు. ఇంకెవలికీ ఇయ్యకు” అంది. స్వస్థత కోసం రాసుంటుందనుకున్నాను. ఇంకేం రాస్తుంది?

ఇక మేం దిగిన గురువారం, ఊళ్లోకి ఊరేగింపు. ఆటోకి మైకు కట్టి, మెడలో దండలేసి, పలాస నుంచి ఊరి దాకా పాటలు. రెండు రాత్రుళ్లు నిద్రలేదు, కాళ్లు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. ఇంటికెళ్లి ఇంత గంజన్నం తిని పడుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంటే, చర్చి దగ్గర దింపి ప్రార్థన చేయించారు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకున్నారు.

“ఓలమ్మా, ఆ గోడ ముట్టుకున్న సెయ్యేనా ఇది?” అని ఒక ముసలమ్మ నా అరచేతిని కళ్లకద్దుకుంది. నేను ముట్టుకున్నది సరిహద్దు దగ్గర టీ కొట్టువాడి గాజు గ్లాసు. చెయ్యి వెనక్కి లాక్కుందామనుకున్నాను, లాక్కోలేకపోయాను. అయ్యగారి వైపు చూస్తే ఆయన పాటల పుస్తకంలోకి తల దూర్చేశారు.

శుక్రవారమంతా అదే తంతు. నా సీటీ ఎట్టినావా, పైన ఎట్టినావా కింద ఎట్టినావా, జారి పడిపోదు కదా, అని ఒకటే ప్రశ్నలు. బడికెళ్తే అక్కడా అదే. పిల్లలు నా వెనక ‘యెరూషలేమమ్మ’ అని గుసగుసలాడుకుంటున్నారు. చీటీల డబ్బా నా సూట్‌కేసులో, ఉతకాల్సిన చీరల కింద ఉంది. ఆ సూట్‌కేసు తెరవడానికి నాకు చేతులు రాలేదు. బట్టలు ఉతుక్కోకుండా రెండు రోజులు అలాగే ఉన్నాను. చూడండి నా బతుకు!

అందరి సంగతీ ఒకెత్తు, వదిన సంగతి ఒకెత్తు. మా సంఘంలోనే ఒకాయన ఇదివరకు ఎక్కడో స్వస్థత కూడికకి వెళ్లొచ్చి, నాకు నయమైపోయిందని మాత్రలన్నీ నూతిలో పారేశాడు. మూడు నెలల్లో పోయాడు. ఆయన భార్య ఇప్పటికీ మా వరసలోనే కూర్చుని పాడుతుంది. గురువారం నుంచి వదిన్ని గమనిస్తున్నాను. మనిషి మొహం వెలిగిపోతోంది. ఇల్లు అలుకుతోంది, కూనిరాగాలు తీస్తోంది. నెలల తరబడి అలా చూడలేదు. ఆస్పత్రి మాట మాత్రం ఎత్తడం లేదు. అన్నయ్యనడిగితే, “నాకేటి సెప్తాది? నువ్వే అడుగు. నువ్వంటేనే దానికి లెక్క” అన్నాడు. నేను అడగలేదు. అడగడమెందుకు, కనిపిస్తూనే ఉంది కదా! చీటీ గోడలో చేరింది, దేవుడు చూసుకుంటాడు, ఇక కత్తితో పనేముందనుకుంటోంది. సోమవారం మళ్లీ ఎగ్గొడుతుంది. నూతిలో మాత్రలు పారేసినాయన దోవలోనే ఈవిడా పోతుంది. ఇలా నాలో నేనే కుతకుత ఉడికిపోయాను.

శనివారం అయ్యగారింటికి వెళ్లాను. “అందరికీ చెప్పకపోతే మానె, మా వదిన ఒక్కదానికీ చెప్పనివ్వండి” అన్నాను. ఆయన గడ్డం రుద్దుకుంటూ అన్నారు.

“ఆమె ఇప్పుడు ధైర్నంగా ఉంది కదమ్మా. కొన్ని రోజులు ఒగ్గేయండి.”

“ధైర్యంతో కిడ్నీలు బాగవుతాయా అయ్యగారూ?” అని లేచి వచ్చేశాను. ఆయన వెనక నుంచి ఏదో అనబోయారు. ఆగి వినలేదు. నా అరికాలి మంట నెత్తికెక్కి ఉంది అప్పటికి.

ఆదివారం ఆరాధనలో లేచి యాత్ర గురించి సాక్ష్యం చెప్పమన్నారు. చర్చి నిండిపోయింది, పూండి నుంచి కూడా వచ్చారు. లేచి నిలబడి నెబో కొండ గురించి చెప్పాను, యోర్దాను నది నీళ్లు మన తంపర పల్లంలో నిలిచే నీళ్లలాగే మట్టిరంగులో ఉన్నాయని చెప్పాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు. నిజమూ చెప్పలేదు. ‘దారి మూసేశారు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అయ్యగారు “హల్లెలూయ!” అన్నారు, అందరూ అందుకున్నారు, నేను కూర్చుండిపోయాను. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకి అబద్ధమాడకూడదని బెత్తం పట్టుకుని చెప్తున్నదాన్ని! చాప మీద కూర్చుని పమిట కొంగు పిండుకుంటుంటే, ముందు వరసలో వదిన కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. ఇక నావల్ల కాదనుకున్నాను.

మధ్యాహ్నం వదినే భోజనానికి పిలిచింది. నాకిష్టమని కవళ్ల చేపల పులుసు పెట్టింది. తనకి ఉప్పులేని చారు, కొలత గ్లాసుతో నీళ్లు. అన్నయ్య తిని వీధి అరుగు మీదికి వెళ్లాడు. వదిన నా కంచంలో ఇంకో ముక్క వేసి, “తిను, ఆ దేశంలో ఏటి తిన్నావో, బుగ్గలు పీక్కుపోనాయి” అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆగలేకపోయాను.

“వదినా, మేం యెరూషలేము వెళ్లలేదు.”

గరిట గిన్నెలో పెట్టేసింది. మొత్తం చెప్పేశాను. సరిహద్దు, బస్సు, రైల్లో అయ్యగారి మాట, అన్నీ. చెప్తున్నంతసేపూ నాకు ఎంత హాయిగా ఉందో! నాలుగు రోజులుగా గొంతులో ఇరుక్కున్న ముల్లు దిగిపోయినట్టుంది. పైగా టీచరునేమో, చివర్లో చిన్న పాఠం కూడా తగిలించాను. “చీటీల మీద ఆధారపడి కూర్చోకు వదినా. దేవుడు డాక్టర్లని ఎందుకిచ్చాడు? రేపు బుద్ధిగా బయల్దేరు” అన్నాను.

“మరి సీటీ ఏదీ?” అంది వదిన.

వెళ్లి సూట్‌కేసు తెరిచి డబ్బా తెచ్చాను. వెతికి తన చీటీ తీసుకుంది. దానికి నల్లదారం కట్టి ఉంది. విప్పి నా చేతికిచ్చి, “సదువు. నువ్వు సదివేవనుకున్నాను” అంది.

వదినకి రాత అంతంతమాత్రం. పెద్ద పెద్ద అక్షరాలు, ఒత్తులు ఎగిరిపోయాయి. ‘ప్రభువా సోమారం నన్ను బల్ల మీద పడుకోబెడతారు. నాకు కత్తంటే బయం. అప్పుడు నా పక్కన ఉండు’. అంతే. నయం చెయ్యమని ఒక్క ముక్క లేదు.

వదిన లేచి మంచం కిందికి వంగి ఒక సంచి బయటికి లాగింది. రెండు నైటీలు, దుప్పటి, కంచం, గ్లాసు, ఫ్లాస్కు, రిపోర్టుల కవరు. సర్దుకుని మూతి ముడేసి ఉంది.

“సీటీ గోడలో ఎట్టేసినారని అయ్యగారు సెప్పిన రోజే సర్దినాను. అప్పుడే నాకు ధైర్నం వచ్చింది. నువ్వు అలిసిపోయొచ్చినావు కదా, అడిగితే నాతో వత్తాననేత్తావు, సెలవు ఎడతావు, ఎందుకులే అని నీకు సెప్పనేదు. మీ అన్నకీ సెప్పనేదు, ముందే బెంగెట్టుకుంటాడు.”

“వదినా…”

“రెండుసార్లు ఎందుకెల్లనేదనుకున్నావు? పని గురించా? రాత్రుళ్లు ఆ బల్ల కళ్లముందుకొచ్చేసేది. ఎవలికి సెప్పుకోను? సిగ్గు కాదేటి?”

సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది. గోడేమిటి, దేవుడు అన్నిచోట్లా ఉంటాడు, మనింట్లోనూ ఉన్నాడు అన్నాను. నెబో కొండ మీద డబ్బా ఎత్తి పట్టుకున్నాం, అక్కణ్ణుంచి యెరూషలేము కనిపిస్తుంది, దేవుడికి వినిపించకుండా ఉంటుందా అన్నాను. అవన్నీ అయ్యగారి మాటలే. రైల్లో ఆయన చెప్తే నాకు ఒళ్లు మండిన మాటలే. ఇప్పుడు నేనే బతిమాలుతూ ఒప్పజెప్తున్నాను.

“పోనీ, పెట్టేశాననుకో వదినా. నా చేత్తోనే పెట్టాను. ఇప్పుడు నేను చెప్పిందంతా మర్చిపో.”

వదిన నా వైపు చూసింది. కోపంగా కూడా లేదు.

“నువ్వు అబద్ధం ఆడనేవు కదా, టీచరమ్మా” అంది. ఫ్లాస్కు తీసి గూట్లో పెట్టింది.

సోమవారం తెల్లవారగానే అయ్యగారు ఆటో తెచ్చి వదిన గుమ్మం ముందు ఆపారు. దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లడానికి శుక్రవారమే మాటిచ్చారట. వదిన లోపలి గది తలుపు తియ్యలేదు. అన్నయ్య బయట తలగోక్కుంటూ నిలబడ్డాడు. అయ్యగారు నా దగ్గరికి వచ్చారు.

“సెప్పేసినారా?”

తలూపాను.

“శనివారం మీరు లేచెల్లిపోయినప్పుడు అదేనమ్మా సెప్పబోయినాను. ఆపరేషన్ కోసమని ఆమె శుక్రవారం వచ్చి ప్రార్థన చేయించుకుంది. ఎవలికీ సెప్పొద్దంది. మీరు ఆమెనడిగుంటే సెప్పేది కదా.”

“అడగలేదండీ” అన్నాను.

ఖాళీ ఆటో తిరిగి వెళ్లిపోయింది.

ఆరు వారాల తర్వాత అదే ఆటోలో, వదిన కూర్చోలేక పడుకోలేక రొప్పుతుంటే, పలాస ఆస్పత్రికి తీసుకెళ్లాం. మెడలో గొట్టం వేశారు. వేసేటప్పుడు లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు మిషను మీద ఉంటుంది. నేను పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలవడానికి కూడా లేదు, ఆ జబ్బుకి పళ్లు తినకూడదు కాబట్టి ఊరికే కూర్చుంటాను. బడి సంగతులు అడుగుతుంది, అన్నయ్య మీద చాడీలు చెప్తుంది. ఆ ఆదివారం గురించి ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.